మోసేవాళ్ళ గది

ఆపరేషనయిన ఐదో రోజుకల్లా నేను మంచం మీదే మగ్గం నేశాను.

అటూ ఇటూ విసిరే నాడె లేదు, నూలు లేదు. కాళ్ళు మాత్రం ఆడాయి. నలభై ఏడేళ్ళు గుంట మగ్గంలో కాలి పలకలు తొక్కిన కాళ్ళు ఊరికే ఉండవు. కుడి మోకాలు కొత్తది. కుట్లు ఇంకా విప్పలేదు. అయినా చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. అందుకని మధ్యాహ్నం అన్నం తినగానే మంచం అంచున కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, కుడి, ఎడమ, కుడి, ఎడమ అని సాయంత్రం టీ వచ్చేదాకా తొక్కేవాణ్ణి. నర్సు చూసి నవ్వి వెళ్ళిపోయేది. వద్దని ఎవరూ అనలేదు.

అది విశాఖలో ఒక పరిశోధన ఆసుపత్రి. ఊరికే ఆపరేషన్ చేస్తామన్నారు కనక చీరాల దగ్గర మా ఊరి నుంచి రైలెక్కి వచ్చాను. పన్నెండు మందికి కొత్త రకం మోకాలు పెడుతున్నారు. అందులో నేను పదకొండోవాణ్ణి. కీలు లోపల బియ్యపుగింజంత యంత్రం ఉందనీ, నరం తెచ్చే నొప్పిని అది దారిలోనే పట్టుకుని పక్కకు తీసేస్తుందనీ డాక్టర్ ఇందుమతి చెప్పింది. పక్కకంటే ఎక్కడికని అడిగాను. కరెంటు ఎర్త్‌కి పోయినట్టు పోతుందంది. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఎర్త్ అంటే తెలుసు. నమ్మాను.

నాకు కావలసింది ఒకటే. మళ్ళీ గుంటలో దిగాలి. సన్న నూలు గుంట మగ్గం మీదే నిలుస్తుంది. నేల తేమ తగలకపోతే పోగు పోగూ తెగుతుంది. ఎత్తు మగ్గం ఇస్తాం, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు అని చేనేత సొసైటీవాళ్ళు రెండుసార్లు వచ్చారు. దుప్పట్లు నేసుకునేవాళ్ళకి ఇవ్వండని పంపేశాను. గుంటలో కూర్చున్నాక మోకాలు తొంభై డిగ్రీలు వంగితే చాలు. నేల మీదికి దిగడానికే అంతకంటే ఎక్కువ కావాలి. నలభై ఐదు రోజుల్లో నూట పది దాటించాలని డాక్టరు గడువు పెట్టింది. ఆలోగా వంగకపోతే లోపలి కండ గట్టిపడి ముడి వేసుకుంటుందట. తర్వాత ఏం చేసినా వంగదట.

హారిక అని ఫిజియో పిల్ల పొద్దునా సాయంత్రం వచ్చి ముప్పై సార్లు వంచేది. బడిపిల్లల కోణమానిని లాంటిది పొడుగ్గా ఉండేది, దాంతో కొలిచేది. ఐదో రోజు డెబ్బై ఒకటి. తొమ్మిదో రోజు ఎనభై ఎనిమిది. ఇంత తొందరగా ఎవరికీ రాలేదంది. నొప్పి పదికి ఎంత తాతగారూ అని అడిగేది. సున్నా అనేవాణ్ణి. సున్నా రాసుకునేది.

ఆ తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను తొక్కుతుండగా తలుపు తోసుకుని ఒక ఆడమనిషి వచ్చింది. నలభై లోపు ఉంటుంది. నలిగిన నేత చీర. కుడికాలు ఈడుస్తోంది. గుమ్మం పట్టుకుని నిలబడి నా కాళ్ళకేసి చూసింది.

"ఎవరయ్యా నువ్వు, అన్నం తిన్న కాణ్ణించీ కాలాడించేది?"

నా కాలు నా ఇష్టమన్నాను.

"నీ కాలు నీ ఇష్టమే. నొప్పి నాది."

పిచ్చిదనుకున్నాను. నర్సును పిలుస్తానన్నాను. ఆమె దగ్గరికొచ్చి నా కట్టు మీద చెయ్యి వేసి, కుట్లున్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కింది. గుడ్డ మీద ఎవరో చెయ్యి వేసినట్టు నాకు తెలిసింది. అంతే. ఆమె మాత్రం మంచం కమ్మీ పట్టుకుని నేలకి జారింది. పెదవి కొరుక్కుంది. నుదుటి మీద చెమట పట్టింది. చీర కుచ్చెళ్ళు తొలగి మోకాలి పైన కట్టిన నల్లటి పట్టీ కనపడింది. దానిమీద పచ్చదీపం ఆరి వెలుగుతోంది.

"ఇప్పుడు నమ్ముతావా?" అంది, ఊపిరి అందాక.

నేలమీద కూర్చునే మిగతాదంతా చెప్పింది. పేరు దీవెనమ్మ. యలమంచిలి దగ్గర పల్లె. ఈ వరండా చివర ఒక గది ఉంది. బోర్డు లేదు. అందులో ఆరు మంచాలు. నాలాంటివాళ్ళ నొప్పి పోయేది ఎర్త్‌కి కాదు, ఆ మంచాలకి. నలభై ఐదు రోజులు ఒకరి నొప్పి మోస్తే, వాళ్ళు చెప్పిన ఒక మనిషికి ఊరికే ఆపరేషన్ చేస్తారు. దీవెనమ్మ తల్లి సువార్తమ్మ మూడేళ్ళుగా అరుగు దిగలేదు. కాలకృత్యాలకి కూడా ఎత్తుకెళ్ళాలి. ఆ తల్లి కోసం వచ్చింది. రోజుకి రెండుసార్లు, ముప్పైసార్ల వంపు, మధ్యలో పోటు ఉంటే ఉంటుంది అని చెప్పారు. ఒప్పుకుంది. రోగి ముఖం చూడకూడదన్నారు. దానికీ ఒప్పుకుంది. ఇవాళ ఓర్చుకోలేక గది గదీ చూసుకుంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"మిగతా అయిదుగురూ మధ్యాహ్నం పడుకుంటున్నారు. నేనొక్కదాన్నే దుప్పటి నోట్లో కుక్కుకుంటున్నా. సిస్టర్‌తో చెప్తే, మీ పేషెంటుకి ఉత్సాహం ఎక్కువ, మంచిదే అంది. ఏం చేస్తున్నావయ్యా అంతసేపు?"

మగ్గం నేస్తున్నానన్నాను.

ఆమె గది నాలుగు మూలలా చూసింది. తర్వాత నవ్వింది. ఏడ్చేవాళ్ళు నవ్వినట్టు నవ్వింది.

"కనపడని మగ్గానికి నన్ను పెట్టుకున్నావా పెద్దాయనా."

ఆపమని ఆమె అడగలేదు. అది నేను మర్చిపోలేను. తన వంతు తను మోస్తానంది. మగ్గం ఒక్కటీ మానమంది. నేను ఆ యంత్రం ఆపించేస్తానంటే కంగారుపడింది. ఆపితే తన గడువు తెగిపోతుంది, అమ్మ అరుగు మీదే పోతుంది, అంత పని చెయ్యొద్దంది. గోడ పట్టుకుని లేచి, ఎవరూ చూడకముందే వెళ్ళిపోయింది.

నేను కాళ్ళు పైకి తీసుకుని పడుకున్నాను. ఐదు మధ్యాహ్నాలు. నిమిషానికి యాభై తొక్కులు తక్కువ కాదు.

నా భార్య రామలింగమ్మ పోయి రెండేళ్ళయింది. నేను నేస్తుంటే ఆమె పక్కన గొంతుక్కూచుని రాట్నం మీద నాడెలోకి నూలు కండెలు చుట్టేది. ముప్పై ఏళ్ళు చుట్టింది. చివరి పదేళ్ళూ రెండు మోకాళ్ళూ తాటికాయల్లా ఉబ్బి ఉండేవి. లేచేటప్పుడు మూలిగేది. ఆ మూలుగు వినపడకుండా నేను నాడె గట్టిగా విసిరేవాణ్ణి. ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. కండె అయిందా అని అడిగాను. అంతే మా మాటలు. మళ్ళీ అడగలేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి క్షమించమనడం నాకు చేతకాదు. నన్ను నేను క్షమించుకునే ఉద్దేశమూ లేదు.

మర్నాడు డాక్టర్ ఇందుమతి రౌండ్లకి వచ్చినప్పుడు ఎర్త్ పేరు దీవెనమ్మ కదా అన్నాను. ఆమె వెనకున్న కుర్రడాక్టర్లని బయటికి పంపి తలుపు వేసింది. అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడిందో లేదో ముఖంలో తెలియలేదు.

నొప్పిని ఉత్తినే ఆపడం తేలికేనంది. మొదట ముగ్గురికి అలాగే చేశారట. నొప్పి లేక కాలు ఎక్కడ ఆగాలో తెలియలేదు. ముగ్గురికీ లోపలి కుట్లు తెగిపోయాయి. అందుకని ఆ నొప్పిని ఇంకొక ఒంటికి పంపి, ఆ ఒళ్ళు ముడుచుకున్నప్పుడల్లా ఆ కబురు వెనక్కి తెచ్చి, ఇక్కడ కాలిని ఆపుతున్నారు.

"ఎవరో ఒకరు అబ్బా అనాలి చౌడయ్య గారూ. మీరు అంటే భయపడి వంచరు. నూటికి ఇరవై మందికి కాలు అలాగే బిగుసుకుపోతుంది. ఇంకొకరు అంటే మీరు నడుస్తారు. ఇలా పంపడం మొదలుపెట్టాక మొదటి ఇద్దరికీ నేనే మోశాను. నాలుగు రోజులు."

"నాలుగు రోజులు. సరే. ఆమెకి నలభై ఐదు."

ఆమె ఇష్టపడి వచ్చిందంది డాక్టరు. తల్లిని అరుగు మీద పెట్టుకున్నది ఇష్టపడక ఏం చేస్తుందన్నాను. నా నొప్పి నాకు తిప్పమన్నాను. తిప్పితే ఈ కాలు వంగదు, గుంట సంగతి మర్చిపోండి అంది. మర్చిపోను, తిప్పండి అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. తిప్పితే దీవెనమ్మ పది రోజులు మాత్రమే మోసినట్టు లెక్క. కాగితం ప్రకారం ఆమె తల్లికి ఆపరేషన్ ఉండదు.

నేను మా వీధి సంగతి చెప్పాను. మగ్గానికెక్కించే నిలువు పోగులకి, అదే పడుగుకి, గంజి పట్టించాలంటే వీధి పొడవునా చాపాలి. ఎనిమిదిమంది ఉండాలి. కూలి ఉండదు. మా పడుగుకి వాళ్ళొస్తారు, వాళ్ళ పడుగుకి మేం పోతాం. తెల్లారకముందే మనిషి వచ్చి నిలబడ్డాక వాన పడిందనుకోండి, పడుగు చాపం. ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు. అయినా వచ్చిన మనిషి వచ్చినట్టే. వాళ్ళ పడుగుకి మేం పోయి తీరాలి. వాన పడ్డది వాళ్ళ తప్పు కాదు కదా.

"అది మీ వీధి పద్ధతి" అంది.

"కాలు మా వీధిదే."

ఆమె లేవబోయింది. కూర్చోమన్నాను. పదకొండోవాడు పోతే మీ పన్నెండు పదకొండవుతుంది కదా అన్నాను. రేపు పొద్దున రైలుకి పోతాను, మీ కొలతలు మీరు ఎక్కడ రాసుకుంటారో రాసుకోండి అన్నాను. ఉంటే నలభై ఐదు రోజులూ ఉంటాను. నా నొప్పి నేను పడతాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కొలుచుకోండి. మోసేవాళ్ళు లేకుండా ఈ కొత్త మోకాలిని మనిషి ఎంత వంచగలడో మీ దగ్గర లెక్క లేదు, అది నేనిస్తాను. దీవెనమ్మ రోజూ వస్తుంది, ఉత్త పట్టీ కట్టుకుని కూర్చుంటుంది, ఆమె రోజు ఆమెకి పడాలి. తల్లికి ఆపరేషన్ కావాలి. ఇకమీదట మోసేవాళ్ళ ముఖం చూపించకుండా ఎవరి కాలికీ దీన్ని తగిలించకూడదు.

ఆఖరిది తన చేతిలో లేదంది. కమిటీలో అడుగుతానంది. మిగతా రెండూ కాగితం మీద రాయించి, ఆమె సంతకం అయ్యాక నా సంతకం పెట్టాను.

యంత్రాన్ని నడిపే పెట్టె తెచ్చి దాని మీద మీట తిప్పినప్పుడు మొదట ఏమీ కాలేదు. తర్వాత మోకాలి చిప్ప కింద ఎవరో దబ్బనం దించి తిప్పారు. దించినవాళ్ళు తీయలేదు. ఆ సాయంత్రం హారిక వంచితే ఎనభై ఎనిమిదికి కాదు, అరవై నాలుగుకే కాలు కర్రలా నిలబడిపోయింది. నొప్పి పదికి ఎంత అని అడిగింది.

"పది రాయి. పైన గళ్ళుంటే అవీ నింపు."

ఆ నెలంతా నాకు గుర్తున్నది కోణాలే. అరవై నాలుగు. అరవై ఎనిమిది. మంచుముద్దలు కట్టిన గుడ్డ. కాలి కింద పెట్టి మెల్లగా వంచే యంత్రం, దాని గుర్రుమనే చప్పుడు. మాత్ర వేసుకున్న గంటన్నరకి కాస్త తగ్గేది, ఆ సందులోనే వంచాలి. మరుగుదొడ్డికి నడకకర్ర పట్టుకుని వెళ్ళి రావడానికి ఇరవై నిమిషాలు. అన్నం సహించేది కాదు. ఒక పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేక ఏడ్చాను. కాలికీ గుండీలకీ సంబంధం లేదు. ఆపరేషన్ తర్వాత అలా వస్తుంది తాతగారూ, అందరికీ వస్తుంది అంది హారిక. నాకు అందరి సంగతి ఎందుకన్నాను.

దీవెనమ్మ రోజూ పది గంటలకి వచ్చి పచ్చదీపం లేని పట్టీ కట్టుకుని నా ఎదురుగా స్టూలు మీద కూర్చునేది. మొదటి రెండు రోజులూ కోపంగా ఉంది. నీ పంతానికి నా తల్లి పణమా అంది. కాగితం చదివించుకున్నాక కోపం తగ్గింది, నోరు తగ్గలేదు. నేను పదిహేను దగ్గర ఆపితే ఆమె పదహారు అనేది. మా వైపు ఆడవాళ్ళు దీనికి నీళ్ళు కూడా అడగరు అనేది. నేను బూతులు తిట్టేవాణ్ణి. హారిక చెవులు మూసుకునేది. దీవెనమ్మ మూసుకునేది కాదు.

"ఇంతేనా బాబాయ్? నేను నీ మగ్గం మొత్తం మోశా."

ఇరవై నాలుగో రోజుకి తొంభై రెండు. అక్కడ ఆగిపోయింది. ఎనిమిది రోజులు తొంభై రెండే. డాక్టరు వచ్చి చూసి, కాగితం మీద తొంభై రెండు కింద గీత గీసి పోయింది. ఆ గీత నాకు అర్థమైంది.

అప్పుడే మా అమ్మాయి సులోచన వచ్చింది. తెనాలిలో బడిపంతులమ్మ, సెలవు పెట్టుకుని వచ్చింది. నేను వంచుకుంటుంటే ఒక పూట చూసింది. రెండో పూట లేచి పోయి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. ఆ పట్టీ నాకు కట్టండి, కూతురిని, నాకు అభ్యంతరం లేదు అని చెప్పిందట. రక్తసంబంధమైతే కబురు ఇంకా బాగా అందుతుందని వాళ్ళు సంబరపడ్డారట. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు.

సులోచన నెమ్మదైన మనిషి. ఆ రోజు కాదు.

"అమ్మ నొప్పి అమ్మనీ చెప్పనివ్వలేదు, మమ్మల్నీ అడగనివ్వలేదు. ఇప్పుడు నీ నొప్పి కూడా నువ్వే దాచుకుంటావా నాన్నా? ఏం, అది కూడా నీ ఆస్తేనా?"

దీవెనమ్మ స్టూలు మీంచి లేచి బయటికి పోయింది. నేను గోడకేసి చూశాను. కాలు మంచం అంచు కిందికి దించి, రెండు చేతులతో చీలమండ పట్టుకుని వెనక్కి లాగాను. లోపల పాత గుడ్డ చిరిగినట్టు ఏదో చిరిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నేను అరిచిన అరుపుకి వరండాలోంచి నలుగురు పరిగెత్తుకొచ్చారు. అందులో ఇద్దరు ఆ చివరి గదివాళ్ళట. వాళ్ళ కాళ్ళకి పట్టీలున్నాయి.

హారిక భయపడుతూ కొలిచింది. తొంభై తొమ్మిది.

సులోచన నా పక్కన కూర్చుని నా అరిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఏడవలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మర్నాటి నుంచి లెక్కపెట్టే పని ఇద్దరాడవాళ్ళూ పంచుకున్నారు. ఒకరు సరి సంఖ్యలు, ఒకరు బేసి. ఇద్దరూ కలిసి నన్ను ఎన్ని మాటలన్నారో రాయను.

నలభై ఐదో రోజున నూట నాలుగు. నూట పది కాదు. ఆ సంఖ్య కాగితం మీద రాస్తూ డాక్టర్ ఇందుమతి కలం ఆపి, ఆ పెట్టె ఉంచి ఉంటే మీకు నూట ఇరవై వచ్చేది, తెలుసా అంది. తెలుసన్నాను. పశ్చాత్తాపం లేదా అంది. మీకు లేదా అన్నాను.

సువార్తమ్మకి ఆ మరుసటి వారమే ఆపరేషన్ చేశారు. ఆమెకి నొప్పి పక్కకు పంపమంటారా అని అడిగితే, ఎవత్తి మీదికి పంపుతార్రా అని ముసలమ్మ ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరిచిందని దీవెనమ్మ ఫోన్ చేసి చెప్పింది. రోజుకి రెండుసార్లు తల్లి వంపులు తనే లెక్కపెడుతోందట. వాళ్ళమ్మ బూతుల ముందు నావి ఏపాటివి కాదంది. ఆ గదిలో ఇప్పుడు ఆరు మంచాల్లో నాలుగే నిండుతున్నాయట. రోగుల్ని ముందుగా తీసుకెళ్ళి చూపిస్తున్నారట. ముఖాలు చూశాక ఇద్దరు వద్దన్నారట. నలుగురు చూసి కూడా సరేనన్నారు. ఆ నలుగురినీ నేను ఏమీ అనను, నాకు వాళ్ళెవరో తెలియదు. డాక్టరు మాట నిలబెట్టుకుంది. అయినా ఆమెని నేను క్షమించలేదు. రెండూ వేరు.

ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున మగ్గం మీద గుడ్డ తీశాను. సులోచన వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. దిగడానికి నూట నాలుగు చాలదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. సొసైటీవాళ్ళ ఫోన్ నంబరు ఆమె గోడమీద క్యాలెండర్ పక్కన ముందే రాసి పెట్టింది. అది చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

గోడకి వీపు ఆనించి, ఎడమకాలు మడిచి, కుడికాలు ముందుకి చాచి, అరచేతులతో గోడని పట్టుకుంటూ జారాను. సగం దాకా మనిషిలా దిగాను. మిగతా సగం మూటలా పడ్డాను. మోకాలి మీంచి తొడ దాకా నిప్పు పాకింది. సులోచన రెండడుగులు ముందుకి వేసింది. చెయ్యి అడ్డం పెట్టాను. ఆగింది. పిరుదుల మీద ఈడ్చుకుంటూ పోయి గుంట అంచున కూర్చుని ఒక్కొక్క కాలూ లోపలికి వేసుకున్నాను. అడుగున మట్టి చల్లగా ఉంది.

సులోచన నడుముకి చేతులు పెట్టుకుని నా వంక చూసింది.

"దిగావు సరే. మళ్ళీ ఎక్కేది ఎలా?"

"అది సాయంత్రం సంగతి."

ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని, రాట్నం ముందుకి లాక్కుని, నూలు చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఆమెకి కండె చుట్టడం రాదు. వదులుగా చుడుతోంది. వదులుగా చుట్టావన్నాను. కాళ్ళు బాగున్నవాళ్ళు లేచి వచ్చి చుట్టుకోండి అంది.

నేను పలక మీద కుడిపాదం పెట్టి తొక్కాను.